సీసాలోని చురుకుదనం



పొద్దున్నే షటిల్ ఆడేవాళ్ళ మధ్య కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. "కాళ్ళు బాగానే ఉన్నాయండీ, మూడో గేమ్‌కి వచ్చేసరికి బుర్రే పనిచెయ్యలేదు." స్కోరు 18-18 దగ్గర బయటికి పోతున్న షటిల్‌ని వదలకుండా కొట్టేస్తారు. డబుల్స్‌లో పార్ట్‌నర్ తీసుకోవలసిన దానికి అడ్డం వెళతారు. వెనక్కి లేపవలసిన చోట నెట్ దగ్గర వెయ్యబోతారు. ఒంట్లో సత్తువ లేక జరిగే తప్పులు కావివి. చూపు, ధ్యాస, నిర్ణయం క్షణం ఆలస్యమై జరిగేవి.

ఈ ఆలస్యాన్ని పోగొడతామంటూ రంగురంగుల స్పోర్ట్స్ డ్రింక్ సీసాలు వచ్చాయి. నీలం, నారింజ, ఆకుపచ్చ. ఒకప్పుడు ఇవి టీవీలో కనిపించే ఆటగాళ్ళ చేతుల్లోనే ఉండేవి. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ, వ్యాపారం చూసుకుంటూ, రోజుకో గంట ఆడుకునే మామూలు మనుషుల కిట్ బ్యాగుల్లోకి చేరాయి. కాలనీ కోర్టులోనూ ఉన్నాయి, ఆదివారం క్రికెట్‌లోనూ ఉన్నాయి, విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున పరుగెత్తేవాళ్ళ నడుముకీ వేలాడుతున్నాయి. ఆటలో మన మెదడుకి వీటివల్ల నిజంగా ఏం ఒరుగుతుందన్నదే ఈ ప్రసంగం విషయం. దీని మీద మంచి పరిశోధన జరిగింది. ఆ పరిశోధన చెప్పేదానికీ, సీసా మీద రాసి ఉండేదానికీ మధ్య చాలా దూరం ఉంది.

ముందు ఈ పానీయం ఎలా పుట్టిందో చూద్దాం. 1965లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్ అనే మూత్రపిండాల వైద్యుడు ఉండేవాడు. అక్కడి ఫుట్‌బాల్ జట్టు సహాయ కోచ్ ఒకాయన ఆయన్ని ఒక విచిత్రమైన ప్రశ్న అడిగాడు. ఆట ఆడినంతసేపూ మావాళ్ళకి మూత్రమే రాదు, ఎందుకని? ఫ్లోరిడా ఉక్కపోతలో, బరువైన రక్షణ కవచాలు తొడుక్కుని గంటల తరబడి ఆడే ఆట అది. నీరంతా చెమటగా పోతోంది, ఇక మూత్రానికి మిగిలేదేముంది? కేడ్ బృందం చెమటనీ రక్తాన్నీ పరీక్షించి, నీటిలో ఉప్పూ చక్కెరా కలిపి ఆటగాళ్ళకిచ్చింది. అది నోట పెట్టుకోలేనంత ఘోరంగా ఉంది. అప్పుడు కేడ్ భార్య, అందులో నిమ్మరసం పిండమని సలహా ఇచ్చింది. ఆ జట్టు పేరు గేటర్స్ కాబట్టి పానీయం పేరు గేటరేడ్ అయింది. ఉప్పు, పంచదార, నిమ్మరసం, నీళ్ళు. ఎండన పడి వచ్చినవాళ్ళకి మన ఇళ్ళల్లో ఏం కలిపి ఇస్తామో, అదే.

ఉప్పూ చక్కెరా కలిపి ఇవ్వడంలో ఒక లోతైన రహస్యం ఉంది. మన చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళతాయి, వాటి వెంట నీరూ వెళుతుంది. ఈ జంట ప్రయాణాన్ని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రేగ్ నగరంలో జరిగిన సభలో వివరించాడు. ఆ జ్ఞానం ఆటల్లో కంటే ఎంతో గొప్పగా, ప్రాణాలు కాపాడటానికి ఉపయోగపడింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్ సరిహద్దు దాటి వచ్చారు. శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాల్లేదు. బంగావ్‌లో దిలీప్ మహలనబీస్ అనే కలకత్తా వైద్యుడు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని డ్రమ్ములకి పట్టించి రోగుల చేత తాగించాడు. అంతకు ముందు నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట, మరణాలు నూటికి నలుగురి లోపుకి దిగాయి. అదే మనం ఓఆర్‌ఎస్ అని పిలుచుకునేది.

ఓఆర్‌ఎస్‌కీ స్పోర్ట్స్ డ్రింక్‌కీ తల్లి ఒకటే అయినా కూర్పు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిర్ణయించిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ పదమూడున్నర గ్రాములు మాత్రమే. సోడియం మాత్రం చాలా ఎక్కువ. స్పోర్ట్స్ డ్రింక్‌లో తిరగేసి ఉంటుంది. లీటరుకి దాదాపు 60 గ్రాముల చక్కెర, సోడియం ఓఆర్‌ఎస్‌లో ఉన్నదాంట్లో మూడో వంతో, నాలుగో వంతో. విరేచనాలైన పిల్లవాడికి తియ్యటి పానీయం పట్టిస్తే పేగులోకి నీరు ఇంకా లాగి విరేచనాలు పెరుగుతాయి. ఇంత తేడా ఉన్నా, మన దేశంలో చాలాకాలం తియ్యటి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పెద్దగా అచ్చయ్యాయి. మెడికల్ షాపుల్లోనే అమ్మారు. దీని మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూర్పుకి సరిపోని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదని ఆదేశించింది. ఒక వైద్యురాలు ఒంటిచేత్తో మొదలుపెట్టిన పని ఇది. ఆమెకి మనమంతా రుణపడి ఉన్నాం.

ఇక మెదడు సంగతి.

మన ఒంటి బరువులో మెదడు నూటికి రెండు పాళ్ళు. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో అది ఐదో వంతు తీసుకుంటుంది. దాని ముఖ్య ఆహారం గ్లూకోజ్. ఈ ముక్కలన్నీ నిజమే. వీటినే పట్టుకుని, ఆడుతుంటే మెదడుకి చక్కెర తక్కువవుతుంది, కాబట్టి తాగండి అంటారు. అక్కడే మెలిక ఉంది. ఆరోగ్యవంతుడైన మనిషి రక్తంలో చక్కెర ఒక గంట ఆటతో పడిపోదు. కాలేయంలో దాదాపు 100 గ్రాముల నిల్వ ఉంటుంది. కండరాల్లో దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. కండరాలు తమ నిల్వ తాము వాడుకుంటాయి, కాలేయం మెదడు కోసం రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. రాత్రి భోంచేసి, పొద్దున ఖాళీ కడుపుతో వచ్చి ఒక గంట డబుల్స్ ఆడినా ఈ ఏర్పాటు చెడదు. గంటన్నర, రెండు గంటలు దాటి గట్టిగా పరుగెత్తినప్పుడు, సైకిలు తొక్కినప్పుడు నిల్వలు తరుగుతాయి. అప్పుడు చక్కెర అందితే ఒళ్ళూ నిలుస్తుంది, మనసూ నిలుస్తుంది. హాఫ్ మారథాన్‌కి రెండున్నర గంటలు తీసుకునే మామూలు పరుగరికి ఈ మాట వర్తిస్తుంది. కాలనీ కోర్టులో గంట ఆడేవారికి వర్తించదు.

మరి, తాగగానే చురుకు వచ్చినట్టు అనిపిస్తుందే, అది భ్రమా అంటారా? భ్రమ కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జరిగిన కొన్ని ప్రయోగాలు ఈ ప్రశ్నకి ఎవరూ ఊహించని జవాబు చెప్పాయి. నాకు ఈ అంశం మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, అందుకని కాస్త నెమ్మదిగా చెబుతాను.

గంటసేపు గట్టిగా సైకిలు తొక్కేవాళ్ళకి చక్కెర నీళ్ళిస్తే వేగం పెరుగుతోందని అప్పటికే తెలుసు. కానీ గంటలో నిల్వలు తరగవు కదా, మరి ఎందుకు పెరుగుతోంది? 2004లో ముందు ఏం చేశారంటే, గ్లూకోజ్‌ని నోటితో ఇవ్వకుండా నేరుగా నరంలోకి ఎక్కించారు. రక్తంలో చక్కెర దండిగా పెరిగింది. వేగం మాత్రం ఏమీ పెరగలేదు. తర్వాత తిరగేశారు. ఒక పిండిపదార్థం కలిపిన నీళ్ళు నోట్లో పోసుకుని, ఐదు సెకన్లు పుక్కిలించి ఉమ్మెయ్యమన్నారు. అది మాల్టోడెక్స్‌ట్రిన్, తీపి దాదాపు ఉండదు. కడుపులోకి చుక్క కూడా పోలేదు. అయినా గంట సవారీ సుమారు 3 శాతం తొందరగా పూర్తయింది. ఒంట్లోకి పోయిన చక్కెర ఏమీ చెయ్యలేదు, నోటిని తాకి బయటికి పోయిన చక్కెర చేసింది.

2009లో అదే విశ్వవిద్యాలయం వాళ్ళు మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి, నోట్లో ఆ నీళ్ళు పోసి మెదడుని చూశారు. గ్లూకోజ్ తగిలినా, తీపి లేని మాల్టోడెక్స్‌ట్రిన్ తగిలినా మెదడులో కొన్ని భాగాలు మేలుకున్నాయి. ఫలానా శ్రమకి ఫలితం ఉంది, ఇంకాస్త కొనసాగించు అని లెక్క వేసే భాగాలవి. కష్టాన్నీ లాభాన్నీ తూచే చోటు. సాకరిన్ కలిపిన నీళ్ళు అంతే తియ్యగా ఉన్నా, ఆ భాగాలు అలా స్పందించలేదు, వేగమూ పెరగలేదు. అంటే నాలుక మీద తీపిని గుర్తించేవి కాక, ఆహారశక్తిని గుర్తుపట్టే ఏర్పాటు మరొకటి నోట్లో ఉందన్నమాట. తిండి రాబోతోంది, భయం లేదు అని అది మెదడుకి కబురు పంపుతుంది. మెదడు పట్టు కాస్త సడలిస్తుంది. అదే శ్రమ కొంచెం తేలికగా అనిపిస్తుంది.

అలసట అంటే కండరం తన శక్తి అంతా వాడేసి చతికిలపడటం అనుకుంటాం కదా. చాలాసార్లు అది మెదడు ముందుజాగ్రత్తగా వేసే కళ్ళెం. స్పోర్ట్స్ డ్రింక్ మొదటి గుక్క పనిచేసేది ఆ కళ్ళెం మీద. అందుకే అది అంత త్వరగా, పేగు దాకా పోకముందే పనిచేస్తుంది. ఈ ప్రభావం ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ళలో ఎక్కువ, తిని వచ్చినవాళ్ళలో తక్కువ అని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. పొద్దున రెండు ఇడ్లీలో, అరటిపండో తిని వచ్చిన మనిషికి ఈ సీసా ఇవ్వగలిగేది ఇంకా తగ్గిపోతుంది.

ఇంకో ప్రయోగం కూడా చెప్పాలి. 2000లో నలభై చిల్లర మంది సైకిలిస్టులని తీసుకుని, 40 కిలోమీటర్లు తొక్కించారు. కొందరికి ఇది చక్కెర పానీయం అని చెప్పారు, కొందరికి ఇందులో ఏమీ లేదని చెప్పారు, కొందరికి ఏదీ చెప్పలేదు. ప్రతి గుంపులోనూ సగం మందికే నిజంగా చక్కెర ఉన్నది ఇచ్చారు. చక్కెర తాగుతున్నామని విన్నవాళ్ళు 4 శాతం దాకా మెరుగుపడ్డారు. ఏమీ లేదని విన్నవాళ్ళలో మార్పు దాదాపు లేదు. చక్కెర నిజంగా తాగారా లేదా అన్న దానికంటే, తాగామన్న నమ్మకమే పెద్ద తేడా చేసింది. నమ్మకంతో కలిగిన మేలు కూడా మేలేనని నేను ఒప్పుకుంటాను. ఆ నమ్మకానికి సీసా ఒక్కింటికి యాభయ్యో అరవయ్యో పెట్టాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన సంగతి.

నీటి విషయానికి వద్దాం. మెదడు విషయంలో చక్కెర కంటే నీరే ముందు నిలుస్తుంది. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళ కంటే ఎక్కువ నీరు పోతే ధ్యాస, నిర్ణయశక్తి, చేతికీ కంటికీ పొందిక దెబ్బతింటాయని పాత ప్రయోగాలన్నిటినీ కలిపి 2018లో వేసిన లెక్క ఒకటి తేల్చింది. 70 కిలోల మనిషికి ఇది 1.4 కిలోలు. విజయవాడలోనో, విశాఖలోనో మే నెలలో గంటకి లీటరు చెమట పోవడం పెద్ద వింత కాదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. గదిలాంటి ఇండోర్ కోర్టులో, షటిల్‌కి గాలి తగలకూడదని ఫ్యాన్లు కట్టేసి ఆడేవాళ్ళకి ఈ బాధ మరీ ఎక్కువ.

దీనికి ఖరీదైన పరీక్షలేమీ అక్కర్లేదు. ఆటకి ముందు మూత్రానికి వెళ్ళొచ్చి, పల్చటి బట్టలతో తూకం చూసుకోండి. ఆట అయ్యాక చెమట తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. కిలో తగ్గితే, మధ్యలో అరలీటరు తాగి ఉంటే, మీ చెమట లీటరున్నర. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూసుకుంటే మీ ఒంటి తీరు మీకు తెలిసిపోతుంది. మిగతా రోజుల్లో దాహాన్ని నమ్మవచ్చు. దాహం వేసేసరికే ఆలస్యమైపోయిందని భయపెట్టే ప్రచారం ఒకటి ఉంది. నిజానికి రక్తం చిక్కదనం నూటికి ఒకటి రెండు పాళ్ళు పెరగగానే దాహం పుడుతుంది. అది చాలా ముందుగా మోగే గంట. దాహానికి తగ్గట్టు తాగినవాళ్ళ ఆట దెబ్బతినలేదని సైకిలిస్టుల మీది ప్రయోగాలు కలిపి చూసినప్పుడు తేలింది.

ఎక్కువ తాగితే మరి? ఇక్కడ ప్రమాదం ఉంది, అదీ మనలాంటి మామూలు పరుగరులకే ఎక్కువగా ఉంది. 2002 బోస్టన్ మారథాన్‌లో గమ్యం దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే, నూటికి 13 మందిలో సోడియం ఉండవలసినదానికంటే తగ్గి ఉంది. ముగ్గురిలో ప్రాణాంతకమైన స్థాయికి పడిపోయింది. ఆ పరుగులోనే ఒక యువతి ఇలాంటి స్థితిలో ప్రాణం పోగొట్టుకుంది. ఎవరికిలా అయింది? దారిపొడుగునా ప్రతి నీళ్ళ బల్ల దగ్గరా ఆగి తాగి, బయల్దేరినప్పటి కంటే బరువు పెరిగి వచ్చినవాళ్ళకి. నాలుగు గంటలు దాటి పరుగెత్తినవాళ్ళకి. వేగంగా వెళ్ళేవాడికి అంత తాగే తీరికే ఉండదు. నిదానంగా వెళ్ళేవాడికి చెమట తక్కువ, తాగే అవకాశం ఎక్కువ. నీరు ఎక్కువై రక్తంలో ఉప్పు పలచబడితే మెదడు కణాలు ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతి, తికమక, ఆ తర్వాత ఫిట్స్.

నీళ్ళకి బదులు స్పోర్ట్స్ డ్రింక్ తాగితే ఈ ముప్పు తప్పుతుందనుకుంటారు. తప్పదు. రక్తంలో సోడియం లీటరుకి 140 యూనిట్లుంటే, ఈ పానీయంలో 20 చుట్టూ ఉంటుంది. రక్తంతో పోలిస్తే అదీ పలచటి నీరే. బోస్టన్ పరిశీలనలో కూడా ఏం తాగారన్నదానికి ప్రాధాన్యం కనబడలేదు, ఎంత తాగారన్నదే లెక్కకి వచ్చింది. 1990లలో, ఆడేటప్పుడు ఎంత తాగగలిగితే అంత తాగమని పెద్ద పెద్ద సంస్థలే చెప్పాయి. ఆ సలహా ఇప్పుడు మారిపోయింది. మన పరుగుల గుంపుల్లో మాత్రం ఇంకా వినబడుతూనే ఉంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. ఆకాశం మబ్బు పట్టి, గాలి తడిగా ఉండి, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ సాగే పరుగు. ఐదు గంటలు పట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత ముందే పరుగెత్తి ఉన్నవాళ్ళది.

మెదడుని నేరుగా తట్టి లేపే పదార్థం ఒకటుంది. అది కెఫీన్. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటూ మగత తెస్తుంది. కెఫీన్ వెళ్ళి దాని చోటు ఆక్రమిస్తుంది. స్పందన త్వరపడుతుంది, ధ్యాస నిలుస్తుంది, శ్రమ తక్కువనిపిస్తుంది. దీనికి బలమైన సాక్ష్యం ఉంది. కానీ మామూలు స్పోర్ట్స్ డ్రింకుల్లో సాధారణంగా కెఫీన్ ఉండదు. ఉండేది ఎనర్జీ డ్రింకుల్లో. కుర్రవాళ్ళు ఈ రెంటినీ ఒకటే అనుకుంటున్నారు, దుకాణాల్లోనూ ఒకే అరలో పెడుతున్నారు. పావు లీటరు ఎనర్జీ డ్రింకులో దాదాపు 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, ఇంచుమించు ఒక మంచి కప్పు ఫిల్టర్ కాఫీలో ఉన్నంత. కోర్టుకి బయల్దేరే ముందు మీరు తాగే కాఫీయే ఆ పని చేసిపెడుతోంది. పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఇవి తగవని డబ్బా మీద రాసి తీరాలని మన దేశంలో నిబంధన ఉంది. ఆ అక్షరాలు ఎంత చిన్నవో, ఆ డబ్బా పట్టుకున్న తొమ్మిదో తరగతి పిల్లవాడు వాటిని చదివాడో లేదో ఇంట్లో పెద్దవాళ్ళు చూడాలి.

రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చి ఆడేవాళ్ళ విషయం మరీ ముఖ్యం. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి ఐదు గంటలు పడుతుంది. ఎనిమిదింటికి తాగినదాంట్లో సగం ఒంటిగంటకి కూడా నెత్తురులో తిరుగుతూ ఉంటుంది. నిద్ర పలచబడుతుంది. మర్నాటి ధ్యాసకీ, స్పందనకీ నిద్రని మించిన మందు ఇంతవరకు ఎవరూ సీసాలో పెట్టలేదు.

చక్కెర నిజంగా మెదడుకి మందయ్యే మనుషులు మన మధ్యనే ఉన్నారు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పొద్దున నడిచేవాళ్ళలో, ఆడేవాళ్ళలో డాక్టరు చెప్పగా మొదలుపెట్టినవాళ్ళు ఎంతోమంది. వీళ్ళకి ఆడుతుండగా చక్కెర నిజంగానే పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లటి చెమట, గుండె దడ, ఆ పైన మాట తడబాటు, చిరాకు, స్కోరు కూడా గుర్తు లేకపోవడం. తోటి ఆటగాళ్ళు దాన్ని కోపం అనుకుంటారు, అలసట అనుకుంటారు. అప్పుడు 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చినా, అర సీసా స్పోర్ట్స్ డ్రింక్ ఇచ్చినా చాలు, పది పదిహేను నిమిషాల్లో మనిషి తేరుకుంటాడు. సున్నా చక్కెర అని రాసి ఉన్న డబ్బా ఇక్కడ పనికిరాదు. ఈ మందులు వాడేవాళ్ళు ఆ సంగతి కోర్టులో ఒక్కరికైనా చెప్పి ఉంచాలి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

మిగతావాళ్ళకి అదే సీసా వేరే లెక్క. అరలీటరులో 30 గ్రాముల చక్కెర, అంటే ఆరు చెంచాలు. రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాముల చుట్టూ ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. గంట ఆటకి ఒక సీసా చొప్పున రోజూ తాగేవాళ్ళు, ఏ బరువు తగ్గాలని ఆటకి వచ్చారో దాన్ని అక్కడే తిరిగి నింపుకుంటున్నారు. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చాక, ఒక పెద్ద శీతలపానీయం కంపెనీ ప్రచారానికి పిలిస్తే, నేను తాగనిది పిల్లలని తాగమని చెప్పలేనని వద్దన్నాడు. అప్పటికి ఆయనకి డబ్బు అవసరం లేక కాదు. ఆ సంగతిని ఆయన గెలిచిన కప్పు పక్కనే పెట్టి పిల్లలకి చెప్పాలనిపిస్తుంది నాకు.

గంటన్నర దాటే పరుగుకి, సైకిలు ప్రయాణానికి ఇంట్లో కలుపుకునే పానీయం చెబుతాను. కాగితం ఉంటే రాసుకోండి. లీటరు నీళ్ళు, కుప్పగా కాకుండా సమంగా తీసిన పన్నెండు టీ చెంచాల పంచదార, పావు టీ చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. బజారు పానీయానికి దీనికీ పెద్ద తేడా ఉండదు. గంటకి అరలీటరు చుట్టూ, దాహాన్ని బట్టి కొద్ది కొద్దిగా గుటక వెయ్యండి. మొదటిసారి పోటీ రోజున కాకుండా, అలవాటు పరుగుల్లోనే ఎలా పడుతుందో చూసుకోండి. ఇది విరేచనాలకి ఇచ్చే ద్రవం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. కొబ్బరి బొండంలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. కాబట్టి బాగా చెమటోడ్చాక ఉప్పు వేసిన మజ్జిగే మేలు. గంట ఆటకి మామూలు మంచినీళ్ళు చాలు.

చివరగా ఒక సంగతి. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ మొదటిసారి పెట్టారు. స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన గాబ్రియెలా ఆండర్సన్ షీస్ స్టేడియంలోకి తూలుతూ, ఒక పక్కకి ఒరిగిపోతూ వచ్చింది. ఆఖరి నీళ్ళ బల్లని ఆమె దాటి వచ్చేసింది. మిగిలిన 400 మీటర్లకి ఐదు నిమిషాలకు పైగా పట్టింది. వైద్యులు పక్కనే నడుస్తూ, చెమట పడుతోంది కాబట్టి ఫరవాలేదని గమనించుకుంటూ, ఆమెని ముట్టుకోకుండా వదిలారు. ముట్టుకుంటే పోటీ నుంచి తప్పించేస్తారు. ఆమె 37వ స్థానంలో పూర్తి చేసి, తొందరగానే కోలుకుంది. అక్కడ తెలిసిన వైద్యులు వెంట ఉన్నారు. మన ఊరి పరుగులో అలాంటి మనిషి కనిపిస్తే వెంట ఉండేది మీరే.

తూలుతున్న మనిషిని ముందు నీడకి తీసుకెళ్ళి ఆపండి. పేరు, ఊరు, ఎన్నో కిలోమీటరు అని అడగండి. జవాబు పొంతన లేకుండా ఉండి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. తలమీదా ఒంటిమీదా నీళ్ళు కుమ్మరించండి, మంచు ఉంటే మెడకీ చంకలకీ గజ్జలకీ పెట్టండి, విసరండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకండి. ఒళ్ళు వేడిగా లేకుండా, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకుని, తలనొప్పి, వాంతులు ఉండి, దారంతా నీళ్ళు తాగుతూ వచ్చానంటే ఇంకొక్క గుక్క కూడా ఇవ్వకండి. సోడియం పరీక్ష చెయ్యమని ఆసుపత్రిలో చెప్పండి. మధుమేహం మందులు వాడే మనిషైతే, మింగగలిగితే చక్కెర ఇవ్వండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పొయ్యకండి. ఈ మూడింట్లో ఏదైనా సరే, మాట తడబడిందంటే 108కి ఫోన్ చెయ్యడం ఆలస్యం చెయ్యవద్దు.